తిరుపాలమ్మ నాలుగో సైకిలు

తిరుపాలమ్మ మా ఆసుపత్రికి వచ్చింది తొంభై ఎనిమిది జూన్ చివర, పడమటి గాలి మొదలైన వారంలో. నేనప్పుడు బెళుగుప్ప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును. ఊళ్లోవాళ్లకు కాంపౌండర్ గురుమూర్తిని. ఆమె ఆర్డరు కాగితం చేతిలో పట్టుకొని గడప దగ్గర నిలబడింది. కుర్చీ చూపించాను. "ఉండనీలే సార్" అంది. డాక్టరుగారు రావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఆ మనిషి గడప నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గడప దాకా నడుస్తూనే ఉంది. అలమారలో సీసాల మీది పేర్లన్నీ చదివింది. గోడమీద వంకరగా ఉన్న పోలియో బొమ్మను సరిచేసింది. చివరికి నాకే తల తిరిగి, "ఏమ్మా, యాడన్నా బస్సు పట్టుకోవల్లనా?" అని అడిగాను. నవ్వింది గాని ఆగలేదు.

ఆమెది కుందుర్పి పక్కన పల్లె. తండ్రి గొర్రెలకాపరి. ఏటా వేసవికి మందను తోలుకొని తుంగభద్ర కాలువల వైపు పోయేవాడు. ఈ రాత్రి ఒకరి చేలో మంద ఆపితే, మర్నాడు ఇంకొకరి చేలో. అయిదేళ్ల వయసు నుంచి హాస్టల్లో చేర్చేదాకా తిరుపాలమ్మ ఆ మంద వెంట నడిచిన పిల్ల. "మా నాయన గుడ్డల మూట విప్పినాడంటేనే నాకు ఏడుపొచ్చేది సార్. ఈడే ఉండిపోతామేమో అని" అని ఒకసారి చెప్పింది.

ఆమెకిచ్చిన ఉద్యోగం కూడా అలాంటిదే. ఏఎన్ఎం. ఊళ్లలో అందరూ నర్సమ్మ అంటారు. కాపురం బెళుగుప్పలో. ఉపకేంద్రం పడమటగా పదకొండు కిలోమీటర్ల దూరాన దొణెకుంటలో. దాని కింద ఇంకో రెండు పల్లెలు, ఒక తండా. బస్సు రోజుకు ఒకటే, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. కాబట్టి సైకిలు. మొదటి ఆరు కిలోమీటర్లు తారురోడ్డు. ఆ తర్వాత నల్లరేగడి బండ్లబాట. దాని చివర ఒక చిన్న వాగు, మా వైపు వంక అంటారు, పదినెలలు ఉత్త ఇసుక. వంక దాటితే ఎర్రటి గరుసు దోవ, రాళ్లు. ఈ నాలుగింటికీ సరిపోయే సైకిలు ఏదన్నదే ఆమెకు పదేళ్లపాటు తెగని ప్రశ్న అయింది.

మొదటిది లేడీస్ సైకిలు. పెళ్లయిన కొత్తలో భర్త ఓబులేసు కొనిచ్చాడు. ఓబులేసు బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. నిదానస్తుడు, మాట తక్కువ. "మొగుడూ పెళ్లామూ ఇద్దరూ పొద్దస్తమానం కాళ్లాడించేవాళ్లే. ఆయప్ప కదలడు, ఈయమ్మ నిలవదు" అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఆ సైకిలుకు ముందు బుట్ట, చైనుకు నిండా రేకు, వెనక క్యారియరు. బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున ఏడింటికి నేను ఫ్రిజ్‌లోంచి మందులు తీసి, ఐసు నింపిన డబ్బాలో సర్ది ఇస్తే, ఆమె దాన్ని క్యారియరుకు ట్యూబుతో కట్టి బయలుదేరేది. ఐసు కరిగేలోగా చేరాలి, వేసెయ్యాలి, మిగిలింది మళ్లీ తెచ్చి ఇవ్వాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా మా పీఠభూమి మీద పడమటి గాలి ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. వాన తేదు, మబ్బును మన నెత్తిమీదుగా తోలుకుపోతుంది. నిటారుగా కూర్చుని తొక్కే ఆ సైకిలు మీద తిరుపాలమ్మ ఆరబెట్టిన దుప్పటిలా గాలికి చిక్కేది. పొద్దున పోయేటప్పుడు ఎదురుగాలి, గంటన్నర. సాయంత్రం అదే గాలి వీపున తోసుకొచ్చి ముప్పావుగంటలో ఇంట్లో పడేసేది. ముళ్లకంపల దగ్గర పంచరు సరేసరి.

తొంభై తొమ్మిది అక్టోబరులో వాన పడింది. నల్లరేగడి తడిస్తే మైనమే. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దూరి గట్టిపడింది. చక్రం తిరగదు. పుల్లతో గీకడం, పది గజాలు తొయ్యడం, మళ్లీ గీకడం. అలా వంక దగ్గరికి వస్తే మోకాళ్ల లోతు నీళ్లు. సైకిలు ఎత్తుకుందామంటే లేడీస్ సైకిలుకు పైదండె ఉండదు, భుజం దూర్చడానికి చోటు లేదు. ఒక చేత్తో టీకాల డబ్బా నెత్తిమీద పట్టుకొని, ఇంకో చేత్తో సైకిలు ఈడుస్తూ దిగింది. నడివంకలో కాలు జారింది. సైకిలు వదిలేసింది, డబ్బా వదలలేదు. తడిసిన చీరతోనే నడిచిపోయి పద్నాలుగు మంది పిల్లలకు టీకాలు వేసింది. తిరిగొచ్చేసరికి సైకిలు పది గజాల దిగువన రాళ్లలో ఇరుక్కొని ఉంది, ముందు చక్రం వంకరపోయి.

చీకటిపడే వేళ నాకు డబ్బా అప్పగిస్తూ ఆమె అన్న మాట ఇదీ: "సార్, ఆ సైకిలుకు పట్టుకోడానికి ఒక్క జాగా ల్యాదు సార్! మనిషి ఎత్తుకోల్లని దాన్ని చేసినోడికి తోచనే ల్యాదా?"

ఆ నెలలోనే అనంతపురం పోయి మగవాళ్ల సైకిలు తెచ్చుకుంది. నల్లది, ఇరవై రెండు అంగుళాలది. తెచ్చింది అక్కడి పాతూరు పేటలో ఎర్రప్ప అనే మెకానిక్ దగ్గర. తర్వాత పదేళ్లూ ఆమె సైకిళ్లన్నీ అతని చేతి మీదుగానే నడిచాయి.

ఊళ్లో గొడవ మొదలైంది. ఆడమనిషి దండె సైకిలు ఎక్కి పోవడం అప్పటికింకా వింతే. తెల్ల చీర మడిచి సంచిలో పెట్టుకొని, పంజాబీ డ్రెస్సుతో తొక్కుకుంటూ పోయి, ఉపకేంద్రంలో చీర కట్టుకునేది. దొణెకుంటలో పాతకాలం మంత్రసాని ఆంజినమ్మ దారికి అడ్డంగా నిలబడి అడిగిందట.

"ఏమే నర్సమ్మా, మొగోళ్ల సైకిలెక్కి తిరుగుతాండావు. ఆ దండె తగిలి కడుపు నిలవకపోతే ఏం జేస్తావు?"

"నువ్వుండావు గదా పెద్దమ్మా, నిలబెట్టేదానికి."

ఆంజినమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విందట. రెండేళ్ల తర్వాత తిరుపాలమ్మకు కూతురు పుట్టింది. నిఖిత అని పేరు పెట్టుకున్నారు. దండె ఏమీ చెయ్యలేదని ఊరూరా చెప్పింది ఆంజినమ్మే.

నల్ల సైకిలు గట్టిది. కాని బరువు. డబ్బాతో కలిపి భుజానికెత్తుకుంటే ఎముక మీద కమిలిపోయేది. బరువు తగ్గించాలని చైను రేకు తీయించింది. స్టాండు తీయించింది. మడ్‌గార్డులూ తీసేస్తే వీపంతా బురద చిమ్మింది, మళ్లీ వేయించింది. నెలకోసారి అనంతపురం బస్సు ఎక్కి ఎర్రప్ప ముందు నిలబడేది.

"మళ్లా వస్తివా తల్లీ" అనేవాడు ఎర్రప్ప. "ఈసారి ఏం ఊడబీకల్ల?"

"ఊడబీకేదానికి ఏముండాదో నువ్వే చెప్పన్నా."

"ఇంగ నువ్వూ చక్రాలే మిగిలినాయమ్మా."

ఆదివారాల తిరుగుడు మొదలైంది కూడా ఆ సైకిలుతోనే. తెల్లవారి అయిదింటికి లేచి, ఇంట్లోవాళ్లకు రాగిసంగటి కెలికిపెట్టి, పనేమీ లేకుండానే బయలుదేరేది. ఉరవకొండ వైపు, కళ్యాణదుర్గం వైపు, ఏ గుట్ట కనిపిస్తే ఆ గుట్ట వైపు. పదకొండింటికి తిరిగొచ్చేది, దుమ్ము కొట్టుకొని, మొహం వెలిగిపోతూ. పనిలేని తిరుగుడు మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. ఓబులేసు కుట్టుమిషను దగ్గరికొచ్చి, "ఏమప్పా, నీ పెండ్లాం యాడికి పోతాది ఆదివారమాదివారం?" అని అడిగినవాళ్లున్నారు.

ఓబులేసు దారం ఎక్కిస్తూనే జవాబిచ్చేవాడట. "ఆయమ్మనే అడుగుపోండి. పట్టుకోగలిగితే."

నేనూ ఒకసారి అడిగాను. "ఆదివారమన్నా ఇంటికాడ ఉండరాదామ్మా?"

"ఉంటే సోమవారం దాంకా నాకు నేనే బరువైపోతా సార్" అంది.

రెండువేల రెండులో మూడో సైకిలు. అప్పుడు లావు టైర్ల సైకిళ్లు కొత్త. ముందు స్ప్రింగులు, నిటారు హ్యాండిలు, చూడ్డానికి మోటారు సైకిలుకు తమ్ముడిలా ఉండేది. వంకలో ఇసుక మీద బాగా పోయింది. గరుసు మీద కూడా బాగుంది. ఒక్క నెల ఆమె మొహంలో నెమ్మది చూశాను. ఆ తర్వాత గాలి మొదలైంది. తారురోడ్డు మీద ఆరు కిలోమీటర్లకు ప్రాణం పోయేది. "రోడ్డు టైరును పట్టుకొని యనక్కి ఈడుస్తాండాది సార్. నేను తొక్కింది సగం ఆ స్ప్రింగే మింగుతాండాది" అనేది. మర్నాడు పాత నల్ల సైకిలు తీసేది. ఆ మర్నాడు మళ్లీ లావు టైర్లది. కొన్నాళ్లు వాన చూసి ఒకటి, గాలి చూసి ఒకటి ఎక్కేది. పొద్దున వాకిట్లో రెండు సైకిళ్ల మధ్య నిలబడి ఆకాశం చూస్తుంటే, "ఏదో ఒకటెక్కు తిరుపాలూ, ఐసు కరిగిపోతాంది" అని ఓబులేసు అరవాల్సి వచ్చేది.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్లకో, నర్సమ్మలు మోపెడ్లు కొనుక్కోవచ్చని పైనుంచి కాగితం వచ్చింది. డాక్టరుగారే పట్టుబట్టి కొనిపించారు. ఇక ఈ సైకిలు గోల తీరిందనుకున్నాం. ఏడువారాలు నడిపింది. అరగంటలో దొణెకుంట చేరేది, ఐసు గడ్డలు గడ్డలుగానే ఉండేవి. ఎనిమిదో వారం సైకిలు మీద కనిపించింది.

"మోపెడుకేమయిందమ్మా?"

"ఏం కాల్యా. బాగానే ఉండాది."

"మరి?"

"దాని మీద కూర్చుంటాను సార్. అదే పోతాది. నేను యాడికీ పోనట్టుంటాది."

మోపెడు ఓబులేసుకు వచ్చింది. దారాలు, గుండీలు తేవడానికి కళ్యాణదుర్గం పోవడానికి పనికొచ్చింది.

రెండువేల ఆరు డిసెంబరులో ఒక ఆదివారం ఆమె భైరవానితిప్ప డ్యాం దాకా పోయింది. అప్పటికి ఆమె పోయిన దూరాల్లో అదే పెద్దది. కట్టమీద ముగ్గురు సైకిళ్లతో కనిపించారు. బెంగళూరు వాళ్లు. ఇద్దరు మగవాళ్లు, ఒక నడివయసు ఆడమనిషి. ఆమె పేరు వసుధ. కుందుర్పి పిల్లకు కన్నడం తెలుగుతో సమానమే కాబట్టి మాట కలిసింది. కాని తిరుపాలమ్మ కళ్లు మనిషి మీద లేవు, సైకిలు మీద ఉన్నాయి.

హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి మెలి తిరిగి ఉంది. ఆ వంపు పట్టుకుంటే మనిషి గాలి కిందికి వంగిపోతాడు. టైర్లు సన్నమే, కాని వాటికి పళ్లున్నాయి. చక్రానికీ చట్రానికీ మధ్య ఆమె రెండు వేళ్లు దూర్చి చూసింది, మూడోదీ దూరింది. అంటే మన్ను పట్టదు. పైదండె కింద భుజం పెట్టి లేపింది. చేతిసంచి లేచినట్టు లేచింది.

"దీన్ని ఎత్తుకొని పరిగెత్తడానికే చేస్తారు" అని చెప్పిందట వసుధ. "చలికాలం పందేలుంటాయి. బురదలో, ఇసకలో, గడ్డిలో తొక్కాలి. తొక్కలేని చోట భుజానికెత్తుకొని ఉరకాలి. సైక్లోక్రాస్ అంటారు."

"ఎత్తుకొని ఉరికేదానికి పందెమా?" తిరుపాలమ్మకు నవ్వాగలేదు. "నేను వారానికి రెండుసార్లు ఉరుకుతాండానక్కా, ఊరికెనే."

ఆ సైకిలెక్కి కట్టమీద ఆ చివరిదాకా పోయి వచ్చింది. తిరిగి ఇచ్చేసేటప్పుడు చేతులు వదల్లేదని వసుధే తర్వాత నాతో చెప్పింది.

ఆ సోమవారం నుంచి ఆమెతో వేగడం కష్టమైంది. టీకాల రిజిస్టరు అట్టమీద, మందుల డబ్బాల మీద, ఖాళీ చీటీల మీద ఆ సైకిలు బొమ్మలు గీసేది. నాలుగు సైకిళ్లు ఒకచోట నిలబడితే టైర్లు వంగి చూసేది. ధర కనుక్కొంది. కొన్ని నెలల జీతం అది. వద్దనుకుంది. కావాలనుకుంది. "దీనికేమన్నా అర్థముందా సార్, ముప్పై మూడేండ్ల దానికి, బిడ్డతల్లికి?" అని నన్నే అడిగి, జవాబు వినకుండానే బయటికి పోయేది.

ఎర్రప్ప దగ్గర బొమ్మ పెట్టి, ఇలాంటిది కట్టిస్తావా అని అడిగింది. ఎర్రప్ప అద్దాలు సర్దుకొని చాలాసేపు చూశాడు.

"మోసం జెయ్యనమ్మా. ఇది నా చేత కాదు. బెంగుళూరు పోవాల్సిందే. కాని ఒక మాట. యనక చక్రం ఇరుసు కాడ చిన్న కన్నాలుంటాయి. అవి చూసుకొని కొను. ఆ కన్నాలు ల్యాకుంటే క్యారియరు బిగించేకి కాదు. నీ డబ్బా యాడ పెడతావు, నెత్తినా?"

చివరికి తెగించింది ఓబులేసే. ఒకరోజు మోపెడు కళ్యాణదుర్గంలో అమ్మేసి, బస్సులో దిగి ఇంటికొచ్చాడు. "నీ దాచుకున్నవి, ఈ దుడ్లు కలిపితే వస్తాదేమో చూడు" అన్నాడు. "నాకు బస్సుండాది గదా."

బెంగళూరుకు ముగ్గురం పోయాం. మా చెల్లెలి ఇల్లు అక్కడే కాబట్టి నేనూ వెంట బయలుదేరాను. బస్సులో తిరుపాలమ్మ ఒళ్లో ఖాళీ టీకాల డబ్బా. కండక్టరు దానికి టికెట్టు అడిగాడు.

వసుధ చెప్పిన అంగడి పెద్దదే. లోపల సైకిళ్లు గోడలకు వేలాడుతున్నాయి. అంగడి కుర్రమనిషి మర్యాదగా అన్నీ చూపించాడు. మొదట ఒక తిన్నని హ్యాండిలు సైకిలు తెచ్చి, ఆఫీసుకు పోయేవాళ్లందరూ ఇదే కొంటున్నారన్నాడు. తిరుపాలమ్మ దాన్ని వెనక సందులో తొక్కి వచ్చి, "గాలికి అడ్డం పడతాది ఇది" అని పక్కన పెట్టింది. రెండోది ఎర్రటిది. కొత్తది, సైక్లోక్రాస్. అంత అందమైన వస్తువును నేనూ అంతకుముందు చూడలేదు. దాన్ని ముట్టుకుంటూనే ఆమె ఊపిరి మారింది. సందులో ఇల్లు కడుతున్నచోట ఇసుక కుప్ప ఉంటే దాని మీదుగా తొక్కింది. దిగి భుజానికెత్తుకొని పక్కింటి మెట్లు ఎక్కి దిగింది. పనివాళ్లు తాపీలు ఆపి చూశారు. మూడోది మూలన ఉంది. ఇనుప చట్రం, రంగు అక్కడక్కడా లేచిపోయిన పచ్చ సైకిలు. ఎవరో వాడి, ఊరు మారుతూ అమ్మకానికి ఇచ్చిపోయారట. అదీ ఆ జాతిదే, కాని ఎర్రదాని కన్నా కాస్త బరువు.

ఎర్రదాని వెనక చక్రం దగ్గర వంగి చూసింది. కన్నాలు లేవు. చేత్తో తడిమింది. లేవు. పచ్చదానికి ఉన్నాయి. వెనకా, ముందూ.

"ఎర్రదానికి వీపుకు కట్టుకునే సంచి వాడుకోవచ్చు మేడమ్" అన్నాడు అంగడి మనిషి.

ఆమె అవునంది. వెంటనే కాదంది. డబ్బా వీపున పెట్టుకొని చూసింది, క్యారియరు లేకుండా ఎట్లా అంది, ఎర్రదాన్ని మళ్లీ ఒకసారి తొక్కొస్తానంది. అప్పుడు ఓబులేసు లేచాడు. అంతసేపూ స్టూలు మీద కూర్చుని ఉన్న మనిషి. జేబులోంచి టేపు తీశాడు.

"నిలబడు" అన్నాడు.

నడిబజారు అంగట్లో పెళ్లాం కాలి పొడవు కొలిచాడు. చెయ్యి కొలిచాడు, భుజం నుంచి మణికట్టు దాకా. మెడ కింద నుంచి నడుము దాకా కొలిచాడు. తర్వాత ఎర్ర సైకిలు సీటు నుంచి హ్యాండిలు దాకా, పచ్చదాని సీటు నుంచి హ్యాండిలు దాకా. అంగడి మనిషి నవ్వబోయి, నవ్వడం మానుకొని దగ్గరికొచ్చి చూశాడు.

"ఇది నీకు పెద్దది" అన్నాడు ఓబులేసు ఎర్రదాన్ని చూపిస్తూ. "మూడు అంగుళాలు. దీని మీద నువ్వు చెయ్యి చాచుకొనే పోవల్ల. ఒక్క ఆదివారం బాగుంటాది. రోజూ పోతే మెడ పట్టేస్తాది. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా ఇంగొకరు ఏసుకున్నట్టు. ఆ పచ్చది నీ కొలతే."

"ఈ ఎర్రదాంట్లో చిన్నది ల్యాదా?" అని ఆమె అడిగింది. లేదు. తెప్పించాలంటే ఆరునెలలు.

తిరుపాలమ్మ బయటికి నడిచింది. సందు చివరిదాకా పోయింది, మలుపు తిరిగింది. పావుగంట, అరగంట. నేను కంగారుపడ్డాను. ఓబులేసు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. "వస్తాది సార్" అన్నాడు. "నడిచి ఆలోచన జేసేది దానికి అలవాటు."

వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎర్రదాని వైపు చూడకుండా పోయి పచ్చ సైకిలు క్యారియరు ఉండాల్సిన చోట డబ్బా పట్టుకొని నిలబడింది. "ఈడికి సరిపోతాది గదా?" అని అడిగింది. ఎవర్ని అడిగిందో తెలియదు. ముగ్గురం అవునన్నాం.

ఎర్రప్ప డబ్బా కొలతకు క్యారియరు కట్టాడు. ముళ్లు దిగకుండా పాత ట్యూబు కత్తిరించి టైర్ల లోపల పరిచాడు. మొదటి వారమే ఆమెకు లోపాలు కనిపించాయి. మలుపులో కాలివేళ్లు ముందు చక్రానికి తగిలాయి. కొమ్ముల హ్యాండిలు మీద అరచేతులు కాయలు కాశాయి. చేలల్లో ఆడవాళ్లు కలుపు ఆపి, "నర్సమ్మ పొట్టేలును పట్టుకొని పోతాండాదిరో" అని అరిచారు. కాని జూలైలో గాలి వచ్చినప్పుడు నేను ఆసుపత్రి మెట్లమీద నిలబడి చూశాను. ఆమె వంపు పట్టుకొని వంగింది. గాలి ఆమె వీపు మీదుగా పోయింది. దొణెకుంటకు గంటలోపే.

ఆ అక్టోబరులో ఒక బుధవారం పొద్దున్నుంచీ వాన. డాక్టరుగారు వద్దన్నారు. తండాలో తట్టు టీకా వెయ్యాల్సిన పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు, రెండు వారాలుగా వాయిదా పడుతోంది. ఓబులేసు టార్పాలిను గుడ్డతో డబ్బాకు వీపున తగిలించుకునే పట్టీల సంచి కుట్టి ఇచ్చాడు. ముందురోజే ఆమె మడ్‌గార్డులు విప్పేసింది. ఆగకుండా బయలుదేరింది. దారి సంగతి తర్వాత ఆమే చెప్పింది. రేగడిలో చక్రం ఒక్కసారీ ఆగలేదట, మన్ను తిరుగుతూ తిరుగుతూ తనే రాలిపోయిందట. వంకలో తొడల్లోతు నీళ్లు. డబ్బా వీపున, సైకిలు భుజాన, రాయి రాయికీ కాలు పెట్టి దాటింది. అవతల గట్టుమీద ఆంజినమ్మ గొడుగు పట్టుకొని నిలబడి, తిట్లు తిడుతోందట. మధ్యాహ్నం రెండున్నరకు డబ్బా నా బల్లమీద పెట్టింది. లోపల ఐసు ఇంకా సగం ఉంది. నేను చూస్తుండగానే, వీపు నిండా బురదతో, కిటికీ నుంచి గడపకూ గడప నుంచి కిటికీకీ తిరగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేమయిందమ్మా?"

"ఏం కాల్యా సార్. బాగా పోయినా. ఇంగా పోయుండొచ్చు అనిపిస్తాండాది."

సరిపోయే సైకిలు దొరికితే ఆమె కుదురుకుంటుందని నేననుకున్నాను. ఓబులేసు అలా అనుకోలేదనుకుంటాను. ఆదివారాల దూరాలు పెరిగాయి. ఒక ఆదివారం కుందుర్పి పోయి, తండ్రి చేతి సద్దిరొట్టె తిని, సాయంత్రానికి తిరిగొచ్చింది. రానుపోను నూరు కిలోమీటర్ల పైన. సోమవారం ఏడింటికి మామూలుగానే టీకాల రిజిస్టరుతో వచ్చింది. వసుధ వాళ్లు పందెం పెడుతున్నామని పిలిస్తే పోలేదు. "పందెంలో యనక్కి తిరిగి రావల్ల గదా సార్, బయల్దేరిన కాడికే" అంది.

రెండువేల తొమ్మిదిలో ఒక ఆదివారం నేనూ ఆమె వెంట పోయాను. బాడుగ సైకిలు తీసుకున్నాను. ఎందుకు పోయానో చెప్పలేను, పదకొండేళ్లు పోయేది చూస్తూ వచ్చాను, అంతే. రాయదుర్గం రోడ్డు. మొదటి గంట ఆమె నా పక్కనే నెమ్మదిగా తొక్కింది. అలా నెమ్మదిగా తొక్కడం ఆమెకెంత కష్టమో పెడల్ మీద పాదం చూస్తే తెలిసిపోయేది. ఒక కూడలి దగ్గర నేను దిగిపోయాను, మోకాళ్లు చెప్పినమాట వినలేదు. టీ కొట్టు ఉంది. బెంచీమీద కూర్చున్నాను. ఆమె కూర్చోలేదు. సైకిలు పట్టుకొనే టీ తాగింది.

కూడలిలో ఒక దోవ ఎడమకు చీలి గుట్టల మధ్యకు పోతోంది. బోర్డు లేదు.

"ఇది యాడికి పోతాదన్నా?" అని టీ కొట్టు మనిషిని అడిగింది.

"కర్ణాటకలోకి. ముందర దోవ బాగుండదమ్మా. అంతా కంకరే."

తిరుపాలమ్మ గ్లాసు కడిగి పెట్టింది. నా వైపు చూసింది.

"సార్, మీరు మెల్లగ తాగండి. ఆ మలుపు దాంకా పోయి చూసొస్తా."

మలుపు దాకా పోయేది నేను చూశాను. అక్కడ ఆగలేదు. నేను రెండో టీ చెప్పాను.